అయ్య పాట ఆపించినవాళ్లు

మా అయ్య గొంతు చాలా గొప్పది. ఈ మాట ముందుగా చెప్పకపోతే, తరవాత రాసేదంతా కోపం కొద్దీ రాశాననుకుంటారు. శనివారం పొద్దుగూకే వేళ ఆయన తాళాలు చేతబట్టి రాముడి పాట ఎత్తుకుంటే, పగలంతా కంకర కొట్టి ఒళ్లు హూనమైన మనుషులు ఆకలి కూడా మరిచిపోయి కూర్చునేవారు. ఆడవాళ్లు కొంగుతో కళ్లొత్తుకునేవారు. నేనూ ఏడ్చేదాన్ని. తాళాలు పట్టిన ఆ చేతులతోనే ఆయన మా అమ్మను కొట్టేవాడు.

అప్పుడు నాకు పన్నెండేళ్లు. మాది సముద్రం వైపు పల్లపు ఊరు. వరసగా రెండేళ్లు వానలు మొహం చాటేస్తే, అనంతగిరి మీదుగా అరకు లోయకు వేస్తున్న బండిరోడ్డు పనికని కొండెక్కాం. పాతిక పాకల మజిలీ మాది. ఒక్కో పాక ఒక్కో ఊరిది. ఎవరికీ ఎవరితోనూ చుట్టరికం లేదు.

ఊళ్లో ఉన్నప్పుడు అయ్య చెయ్యెత్తితే మా నాయనమ్మ మధ్యలోకి వచ్చి నిలబడేది. పక్కింటి పెద్దాయన గోడ మీంచి కేకేసేవాడు. అమ్మ పుట్టిల్లు రెండు పొలాల అవతలే. మరీ భరించలేకపోతే నన్ను చంకనేసుకుని వెళ్లిపోయేది, నాలుగు రోజులకు మా మేనమామ వచ్చి అయ్యను నిలదీసి దిగబెట్టేవాడు. కొండెక్కాక ఇవేవీ లేవు. పుట్టిల్లు మూడు రోజుల నడక, అదీ అడవి దారి. అయ్యకు ఆ సంగతి తెలుసు. కొండమీదికొచ్చాక ఆయన చెయ్యి బరువెక్కింది.

ఠాణాకు వెళ్లడమన్న ఆలోచన ఎవరికీ రాదు. గూడెం వైపు కొండల్లో సర్కారు మీద లేచిన పితూరీ అప్పుడప్పుడే అణిగింది. ఖాకీ బట్ట కనిపిస్తే కొండవాళ్లే కాదు, మేమూ అడవిలోకి తప్పుకునేవాళ్లం.

మజిలీలో అందరికీ ఉమ్మడిగా ఉన్నది భజన ఒక్కటే. అడ్డాకులు కప్పిన పందిరి, అందులో రాముడి పటం, ఒక దీపపు కుంది. దాన్ని నిలబెట్టింది గురువుగారు. పల్లంలో మగ్గం నేసిన మనిషి. నేత సాగక, అరవై దాటిన వయసులో మాతోపాటు తట్ట మోయడానికి వచ్చారు. మెడలో తులసిపూసలు. ముందు పళ్లు రెండు ఊడిపోవడంతో పాడితే గాలి పోయేది. అందుకే పాట అయ్యకు వదిలి, తాను అర్థం చెప్పేవారు. మజిలీలో ఎవరికి జ్వరమొచ్చినా, ఎవరింట గొడవైనా ఆయన దగ్గరికే వెళ్లేవారు.

అమ్మ కూడా వెళ్లింది, రెండుసార్లు. రెండోసారి నేనూ పక్కనే ఉన్నాను. అమ్మ వీపు చూపించలేదు గాని, చెప్పాల్సింది చెప్పింది. గురువుగారు మెడలో తులసిపూసలు తిప్పుకుంటూ విన్నారు.

"ఓర్సుకో తల్లీ. సీతమ్మోరు పడనేదేటి కట్టాలు? ఆడు అంత బాగా పాడతాడు, దేవుడే ఆడి మనసు మారుత్తాడు. నివ్వు మాత్రం ఎదురు సెప్పకు."

తులసి తీర్థం ఇచ్చారు. అమ్మ పుచ్చుకుని వచ్చేసింది. మళ్లీ ఎప్పుడూ వెళ్లలేదు.

దసరా వెళ్లి, లోయంతా వలిసె చేలు పసుపుపచ్చగా పూసిన రోజులు. ఒక శనివారం మధ్యాహ్నం మా పక్క పాకలో ఒంటరిగా ఉండే ముసలమ్మ కొండజ్వరంతో వణికిపోతోంది. అమ్మ కుండలో ఉన్న సోళ్ల అంబలి తీసుకెళ్లి ఆమెకు పోసి వచ్చింది. అయ్య పని నుంచి వచ్చేసరికి కుండ ఖాళీ. అమ్మ మళ్లీ పొయ్యి రాజేస్తోంది.

"నాకన్న ముందు ఊరోళ్లకా?" అన్నాడు అయ్య.

మూలన ఊడదీసి పెట్టిన గొడ్డలి కామ, ఆ చేవ కర్ర, తీశాడు. అమ్మ తలకు అడ్డంగా ఎడమ చెయ్యి పెట్టింది. ఆ చప్పుడు నాకిప్పటికీ వినిపిస్తుందని రాస్తే అతిగా ఉంటుందేమో గాని, వినిపిస్తుంది. తరవాత అయ్య ముఖం కడుక్కున్నాడు, నామం పెట్టుకున్నాడు, తాళాలు తీసుకుని భజనకు వెళ్లిపోయాడు. ఆ పనులన్నీ ఆయన రోజూ చేసినట్టే చేశాడు. నాకు ఎక్కువ భయం వేసింది అప్పుడే.

మజిలీకి పైన, సామ చేల అవతల కొండవాళ్ల ఊరుంది. అక్కడ వాళ్ల అమ్మవారికి పూజ చేసే ఆవిడను గురుమాయి అనేవారు. ఎముకలు కట్టడం ఆవిడకు బాగా వచ్చు. అమ్మ చెయ్యి కొంగులో వేలాడదీసుకుని, నేను ముందు నడుస్తుంటే, పడుతూ లేస్తూ అక్కడికి చేరాం.

గురుమాయి యాభై ఏళ్ల మనిషి. బక్కపలచన. అమ్మను అరుగు మీద కూర్చోబెట్టి, చెయ్యి తడిమి చూసి, మణికట్టులో గుచ్చుకున్న గాజుముక్కలు ఒక్కొక్కటే తీసి అడ్డాకులో పెట్టింది. వెదురు బద్దలు వేసి, ఏదో పసరు పట్టించి గట్టిగా కట్టింది. అమ్మ పళ్లు బిగబట్టింది గాని కేక వెయ్యలేదు.

"ఎలగయ్యింది?" అంది గురుమాయి, తనకొచ్చిన తెలుగులో.

"రాళ్ల మీద జారిపడ్డాను."

"పడితే అరచెయ్యి కాడ ఇరుగుద్ది. ఇది అడ్డం పెట్టిన సెయ్యి."

అమ్మ కొంగు లాక్కుని ఆ కట్టు మీద కప్పుకుంది.

"నీ అన్న యేడ?"

"పల్లంలో. మూడు రోజులు నడవాల."

"మావోళ్లల్లో మగడు కొడితే ఆడది అన్న ఇంటికి ఎల్లిపోద్ది. అన్న నేకపోతే తల్లి ఇంటికి." మామిడి చెట్ల కింద కుంకుమ పూసి నిలబెట్టిన రాళ్ల వైపు చెయ్యి చూపించింది. అది వాళ్ల అమ్మవారు. "నివ్వు ఈడే ఉండు. ఎవడు తీసికెల్తాడో సూత్తాను."

తరవాత గాజుముక్కల ఆకు మడిచి పట్టుకుని నాతో, "మీ దేవుడి ఇల్లు సూపించు" అంది.

కొండవాళ్లు మా పందిట్లోకి ఎప్పుడూ వచ్చేవాళ్లు కాదు. వస్తే కొందరికి గిట్టదు కూడా. ఆవిడ అదేమీ పట్టించుకోలేదు. మేం దిగి వచ్చేసరికి చీకటి పడింది. అయ్య పాట మంచి ఊపులో ఉంది. అంత బాగా ఆయన ఎప్పుడూ పాడలేదనిపించింది. గురుమాయి మనుషుల మధ్య నుంచి నేరుగా కుంది దగ్గరికి నడిచింది. అయ్య నన్ను చూశాడు, ఆవిడను చూశాడు, పాట తెగింది.

"పెద్దెవరు?" అంది.

గురువుగారు లేచారు. "నానే తల్లీ. ఏటి కావాల?"

ఆవిడ ఆకు విప్పి దీపం ముందు పెట్టింది. నెత్తురంటిన ఆకుపచ్చ గాజుముక్కలు. "ఇయ్యి మీ ఆడమనిసి సేతిలోంచి తీసినాను. ఎముక ఇరిగిపోనాది. మీ దేవుడికి సూపించు. ఆయనేటంటాడో నాకు సెప్పు. నాను కూకుంటాను."

పందిరి గుమ్మంలో కూర్చుంది.

ఎవరివని ఎవరూ అడగలేదు. అమ్మ కనబడకపోవడం, నేను ఆవిడ వెనక నిలబడి ఉండడం అందరూ చూస్తూనే ఉన్నారు. గురువుగారు ఆ ముక్కల ముందు కూర్చున్నారు. లేచాక అయ్య దగ్గరికి వెళ్లి ఆయన చేతుల్లోంచి తాళాలు తీసుకున్నారు.

"ఈయేల భజన నేదు."

మద్దెల వాయించే ఆయన గాభరాపడ్డాడు. "మధ్యలో ఆపితే దోసం గురువుగారూ!"

"దోసం ఎప్పుడో అయిపోనాది. మనకి కనబడనేదు, అంతే." గురువుగారు గుమ్మం దగ్గరికి వచ్చి గురుమాయికి చేతులు జోడించారు. "మా దేవుడేటన్నాడో రేపు పొద్దున్న నానే వొచ్చి సెప్తాను తల్లీ."

ఆవిడ తలాడించి లేచింది. నేను ఆవిడ వెంటే కొండెక్కాను.

మర్నాడు ఆదివారం, పని లేని రోజు. పొద్దున్నే మజిలీ అంతా పందిట్లో చేరిందట. అక్కడ ఏం జరిగిందో నాకు మద్దెలాయన భార్య తరవాత పూసగుచ్చినట్టు చెప్పింది. కొందరు ఇంటి గొడవ ఇంట్లోనే ఉండాలన్నారు. కొండావిడ వచ్చి మన దేవుణ్ణి నిలదీయడమేమిటని ఇంకొందరన్నారు. మద్దెలాయన ఒకే మాట పట్టుకుని కూర్చున్నాడు: "ఆడు పాడకపోతే మన భజనేటి? ఎవుడింటాడు?"

గురువుగారు అందరి మాటా విన్నారు. చివరికి అన్నారట: "ఆ యమ్మ నా కాడికి రెండుసార్లొచ్చింది. ఓర్సుకోమన్నాను. ఎందుకన్నాను? ఆడి గొంతు పోతాదేమోనని బయమేసింది నాకు. ఆడి పాట కావాలని ఆ యమ్మ ఈపు అమ్మీసినాను. ఆ సెయ్యి ఇరిసింది ఆడొక్కడే కాదు, నాను కూడా."



మధ్యాహ్నానికి ఆయన కొండెక్కి వచ్చారు. వెంట నలుగురైదుగురు ఆడవాళ్లు. గురుమాయికి ముందు చెప్పారు: మా దేవుడు సిగ్గుపడ్డాడు, ఈ అమ్మ ఎన్నాళ్లుంటానంటే అన్నాళ్లు మీ ఇంట ఉండనివ్వండి, తిండి మేం పంపుతాం అని. తరవాత అమ్మ ముందు నేల మీద కూర్చున్నారు.

"నీ మగడు ఇంక పాడడు. నివ్వు పాడమన్నప్పుడే పాడతాడు. అది నీ సేతిలో ఎట్టినాను. నాను సెప్పిన మాట తప్పు తల్లీ. మన్నించమని అడగను."

అమ్మ తలెత్తి చూసింది. "నానొచ్చినప్పుడు ఇనుంటే ఈ సెయ్యి బాగుండును" అంది.

"అవును" అన్నారు గురువుగారు. ఏ సాకూ చెప్పలేదు. అంత పెద్ద మనిషి ఒక ఆడమనిషి ముందు అలా తల వంచుకుని కూర్చోవడం అంతకుముందు నేను చూడలేదు. ఆ తరవాతా ఎక్కువ చూడలేదు.

మరుసటి శనివారం భజన జరిగింది. పాడింది గురువుగారే. నేను సామ చేల గట్టు మీద కూర్చుని విన్నాను. పళ్ల సందుల్లోంచి గాలి, తప్పే శ్రుతి, మధ్యలో దగ్గు. వెనక వంత పాడేవాళ్లకు ఎక్కడ అందుకోవాలో తెలియడం లేదు. అంత అధ్వాన్నమైన భజన నేనెప్పుడూ వినలేదు. కాని ఎవరూ లేచి వెళ్లలేదు. అయ్యను పందిట్లోంచి వెలివేయలేదు. వెనక వరసలో, వినేవాళ్ల మధ్య కూర్చోమన్నారు. మొదటి వారం ఆయన రాలేదు.

మజిలీలో అమ్మను తిట్టుకున్నవాళ్లు లేకపోలేదు. నీళ్ల ఊట దగ్గర ఒకామె నా మొహం మీదే అనేసింది, "మీ యమ్మ మూలంగా మంచి పాట పోనాది గుంటా" అని. నేను బిందె దించి ఏడుస్తుంటే మద్దెలాయన భార్య వచ్చి ఆమెను నాలుగు దులిపింది. రోజు విడిచి రోజు అన్నమో అంబలో పట్టుకుని కొండెక్కేది ఆవిడే. ఆవిడ కూడా దెబ్బలు తిన్న మనిషేనని, తనకోసం ఎవరూ పందిట్లో కూర్చోలేదని అమ్మతో చెప్పుకోవడం ఒకసారి నా చెవిన పడింది.

మూడో వారంలో అయ్య సారా తాగి మధ్యాహ్నం పూట పైకి బయల్దేరాడు. ఆయన కేకలు వినిపించి మేం గురుమాయి ఇంట్లోంచి బయటికి వచ్చేసరికి, గురువుగారు అడ్డదారిన పరుగెత్తి వచ్చి, దారి మధ్యలో రొప్పుతూ నిలబడ్డారు. కంకర సుత్తి ఇంకా చేతిలోనే ఉంది. దాన్ని పక్కకు పారేశారు.

"అది నా పెళ్లాం! మీకేటి మధ్యన?" అన్నాడు అయ్య.

"నీ పెళ్లామే. మాకూ కూతురే. నన్ను కొట్టీసి ఎల్లు."

గురువుగారి వెనకే పనిలో ఉన్న ఆడవాళ్లు ఒక్కొక్కరూ చేరుకున్నారు. వాళ్లు అరవలేదు, తిట్టలేదు. దారికి అడ్డంగా చతికిలబడ్డారు. ఎగువన కొండవాళ్లు కర్రలు పట్టుకుని నిలబడ్డారు గాని, గురుమాయి వాళ్లను ఆపింది. "ఆళ్ల మనిసి. ఆళ్లనే సూసుకోనీ" అంది.

అయ్య చెయ్యి రెండుసార్లు లేచింది. గురువుగారు కదల్లేదు. చివరికి అయ్య అక్కడే కూలబడి, చిన్నపిల్లాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు. నాకు జాలేసింది. అమ్మకు వెయ్యలేదు. ఆవిడ లోపలికి వెళ్లిపోయింది.

ఆ రోజు నుంచి గురువుగారు అయ్యను వదల్లేదు. పనిలో పక్కనే కూర్చుని కంకర కొట్టేవారు. కూడు తన పాకలోనే పెట్టేవారు. అంబలి కాచడం నేర్పారు. జ్వరం తగ్గి లేవలేకుండా ఉన్న ఆ పక్కింటి ముసలమ్మకు రోజూ నీళ్లూ అంబలీ అయ్యచేతే పంపారు. ముసలమ్మ మొదట్లో వాకిలి తియ్యలేదట. గడప బయట పెట్టి వచ్చేవాడు. శనివారాల్లో వచ్చి వెనక వరసలో కూర్చోవడం అలవాటైంది. అందరూ తప్పులతడకగా పాడుతుంటే ఆయన పెదాలు కదిలేవి గాని గొంతు పైకి వచ్చేది కాదు.

వలిసె కోతలయ్యాక, గురుమాయి ఊళ్లో మామిడి చెట్ల కింద రెండు ఊళ్లవాళ్లూ కూర్చున్నారు. అయ్య చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"తప్పయిపోనాది" అన్నాడు.

"ఏటి తప్పు?" అన్నారు గురువుగారు. "ఏం సేసినావో అది సెప్పు."

అయ్య తల దించుకునే చెప్పాడు. "నా పెళ్లాం సెయ్యి ఇరగ్గొట్టినాను. గొడ్డలి కామతో. జొరం మనిసికి అంబలి పోసిందని. అంతకు ముందు కూడా కొట్టినాను. సాలాసార్లు. నా గుంట సూత్తుండగా కొట్టినాను."

గురుమాయి అమ్మను పక్కకు తీసుకెళ్లి ఏం చేస్తావని అడిగింది. అమ్మ తిరిగి వచ్చి నిలబడి మాట్లాడింది. అంతమంది ముందు ఆవిడ మాట్లాడడం అదే మొదలు.

"నాను మజిలీకి వత్తాను. ఆయన పాకకి రాను. ముసలమ్మ పాకలో నానూ నా గుంటా ఉంటాం. వానలెల్లేదాకా సూత్తాను. అప్పుడు నాకు ఇట్టమైతేనే."

అయ్య ఒప్పుకున్నాడు. ఒప్పుకోకపోతే ఏమయ్యేదో నాకు తెలియదు గాని, ఒప్పుకున్నాడు.

వానలు వెళ్లాక అమ్మ సరేనంది, ముగ్గురం మళ్లీ ఒకే పాకలోకి మారాం. గురువుగారు ఒక తాళాల జత తెచ్చి అమ్మ చేతికిచ్చారు. "ఆడు సెయ్యెత్తితే ఇయ్యి మోగించు. ఎక్కడున్నా వత్తాం" అన్నారు. అమ్మ వాటిని వాకిలి పక్కన మేకుకు తగిలించింది.

ఒక్కసారే మోగాయి. పొయ్యిలో కట్టెలు తడిసి అన్నం ఆలస్యమైన రోజు. అయ్య చెయ్యి లేచింది, అమ్మ ఒక్క అంగలో వాకిలి చేరి తాళాలు వాయించింది. అందరికంటే ముందు వచ్చింది మద్దెలాయన. మోత కోసం మద్దెలకు పిండి పెడుతున్నాడేమో, వేళ్లకంతా తడిపిండి. ఆయన వెనక ఆడవాళ్లు, ముసలమ్మ, గురువుగారు. ఎవరూ లోపలికి రాలేదు. వాకిట్లో నిలబడి అయ్య వైపు చూస్తూ ఉన్నారు. ఆ చెయ్యి దిగింది. అమ్మ మీద మళ్లీ లేవలేదు. ఇది నేను కూతురిగా చెప్పడం లేదు. ఆ ఇంట్లో పెళ్లయ్యేదాకా ఉన్న మనిషిగా చెబుతున్నాను.

ఆ పై ఏడు దసరాకు అమ్మ గురువుగారితో, "ఇంక పాడమనండి" అంది. అయ్య పాడాడు. గొంతు అంతే గొప్పగా ఉంది. జనం ఎప్పటిలాగే కళ్లొత్తుకున్నారు. నేను మాత్రం ఆ సాయంత్రం అయ్య వైపు చూడలేదు. గురువుగారి వైపు చూశాను. వంత పాడేవాళ్లలో చివరగా కూర్చుని, గాలి పోయే గొంతుతో, అందీ అందక అందుకుంటున్నారాయన. నా లెక్కలో ఆ రోజుకే కాదు, నా బతుకంతటికీ పెద్ద పాటగాడు ఆయనే.

అమ్మ చెయ్యి కొంచెం వంకరగానే అతుక్కుంది. బరువు ఎత్తలేకపోయేది. జరిగినదంతా మంచికే జరిగిందని ఆవిడ ఎప్పుడూ అనలేదు. నేనూ అనను. అయ్యను ఆవిడ పూర్తిగా మన్నించిందో లేదో అడగడానికి నాకు ఎన్నడూ ధైర్యం చాలలేదు. అయినా సంత రోజున గురుమాయి ఇంటికి వెళ్లి, ఆ అరుగు మీద కూర్చుని కబుర్లాడి వచ్చేటప్పుడు అమ్మ మొహంలో ఉండే నిమ్మళం నాకు బాగా గుర్తు. పుట్టింటికి వెళ్లి వచ్చిన మనిషిలా ఉండేది.

రోడ్డు పని ముందుకు సాగి మజిలీ లోయ అవతలికి మారింది. కొత్త చోట పందిరి వేశారు. పటం ఇంకా పెట్టలేదు. గురువుగారు ముందు ఆడవాళ్లను పిలిచి ముందు వరసలో కూర్చోబెట్టి, మగవాళ్లను వెనక నిలబెట్టి చెప్పారు: "ఈ పందిట్లో ఎవుడు ఎంత బాగా పాడినా, ఎంత బాగా వాయించినా, ఇంట్లో సెయ్యెత్తితే ఆడు ఎనక వరసలో కూకోవాల. ఆడోళ్లు నాకు సెప్పక్కర్నేదు, మన కూతురికి సెప్పండి సాలు." మన కూతురంటే మా అమ్మ. అమ్మ సిగ్గుపడి తల దించుకుంది, తరవాత ఎత్తింది.

ఆ మాట నచ్చక రెండు కుటుంబాలవాళ్లు మూట కట్టుకుని వేరే మేస్త్రి కిందికి వెళ్లిపోయారు. వాళ్లలో ఒకాయన చిడతలు బాగా వాయించేవాడు. గురువుగారు వాళ్లను ఘాటీ రోడ్డు మలుపు దాకా సాగనంపి వచ్చి, పటం తగిలించి, ఉన్నవాళ్లతో భజన మొదలుపెట్టారు.